630 మీటర్ల తోపు: బ్యాటిల్‌టెక్ కాటపల్ట్‌పై ఒక మాజీ గన్నర్ సమీక్ష

బ్యాటిల్‌టెక్ అనే బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటలో దూరపు కాల్పులు అంటే 630 మీటర్లు. ముందే చెప్పేస్తున్నాను. తోపుఖానాలో పనిచేసినవాళ్లెవరైనా ఈ పెట్టె కొని, నిబంధనల పుస్తకంలో ఆ అంకె చూసి, నవ్వాపుకోలేక మూత పెట్టేసే ప్రమాదముంది. బోఫోర్స్ మామూలు గుండుతోనే 24 కిలోమీటర్లు కొడుతుంది. మన 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్ 17 కిలోమీటర్లు. పదాతి దళం వాళ్లు విడదీసి భుజాన వేసుకుపోయే 81 ఎం.ఎం. మోర్టారు కూడా అటూఇటూగా ఐదు కిలోమీటర్లు పంపుతుంది. నక్షత్రాల మధ్య ఓడల్లో తిరిగే 31వ శతాబ్దపు మనుషులేమో 65 టన్నుల నడిచే యంత్రం ఎక్కి, మా కాలనీ గేటు నుంచి కూరగాయల మార్కెట్టు దాకా కూడా రాని దూరానికి క్షిపణులు వేస్తుంటారు. ఈ ఒక్కటీ మింగుడుపడితే మిగతాది మీకు నచ్చుతుంది. నాకు నచ్చింది.

ఆ యంత్రం పేరు కాటపల్ట్. క్యాటలిస్ట్ గేమ్ ల్యాబ్స్ 2019లో తెచ్చిన ‘ఎ గేమ్ ఆఫ్ ఆర్మర్డ్ కంబాట్’ పెట్టెలోని ఎనిమిది బొమ్మల్లో ఇదొకటి. ఆట అంతకన్నా చాలా పాతది. 1984లో చికాగోకు చెందిన ఫాసా అనే సంస్థ వేరే పేరుతో మొదలుపెట్టింది, ఆ తర్వాత పేరు మారి ఇలా స్థిరపడింది. పెట్టెలో బొమ్మలు కాక ఆరు మూలల గడులు గీసిన పటాలు, రెండు పాచికలు, ఒక్కో యంత్రానికీ ఒక్కో లెక్కల కాగితం, నిబంధనల పుస్తకం, పైలట్ల కార్డులు ఉంటాయి. డాలస్‌లో ఉండే మా అల్లుడు తెచ్చిపెట్టాడు. అప్పట్లో అక్కడ 60 డాలర్ల సరుకు. ఇక్కడికి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిపి తడిసి మోపెడవుతుంది కనుక, వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చెవిన వేయడం మేలు.

నేను తోపుఖానాలో టీఏగా పనిచేశాను. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో రంగరూటుగా చేరి, దేవలాలీలో కోర్సు చేసినవాణ్ని. టీఏ అంటే టెక్నికల్ అసిస్టెంటు. గుండు ఎత్తి గన్నులో పెట్టేవాడు కాదు, ఆ గుండు ఎక్కడ పడాలో కమాండ్ పోస్టులో కూర్చుని లెక్క కట్టేవాడు. గాలి ఎటు, గుండును తోసే మందు ఎంత వేడిగా ఉంది, గన్ను ఎత్తు ఎంత, లక్ష్యం ఎత్తు ఎంత, ఇవన్నీ పట్టికల్లో చూసి కోణం చెప్పడం మా పని. నా ప్రత్యర్థి పక్కింటి సుబేదారు గారు. ఆయన పదాతి దళంలో పనిచేశారు. గన్నర్లంటే వెనక చెట్టు నీడన చాయ్ తాగుతూ యుద్ధం చేసేవాళ్లని ఆయన గట్టి నమ్మకం. ఈ ఆట ఆయన నమ్మకాన్ని ఇంకాస్త పెంచింది.

మొదట బొమ్మ సంగతి. నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తు, బూడిదరంగు ప్లాస్టిక్. వెనక్కి విరిగే మోకాళ్లతో కొంగ కాళ్లు. ముందుకు పొడుచుకొచ్చిన పైలట్ గది, హెలికాప్టర్ మూతిని కోసి తెచ్చి అతికించినట్టే ఉంటుంది. చేతులు లేవు. చేతులుండాల్సిన చోట భుజాలకు రెండు పెద్ద పెట్టెలు, అవే లాంచర్లు. ఈ మూడు ముక్కలు చూడగానే దీని పని ఏమిటో ఎవరికైనా తెలిసిపోతుంది. ఇది కుస్తీ పట్టే యంత్రం కాదు, బరువు మోసుకొచ్చి దూరం నుంచి కుమ్మరించే యంత్రం. పెట్టెలోని మిగతావాటిలో చాలా వరకు మనిషి ఆకారాలే. తలా చేతులూ ఉన్న షాడో హాక్, వుల్వరిన్ పక్కన దీన్ని నిలబెడితే, వీరుల ఫొటోలో సరుకు లారీ కూడా నిలబడిందే అనిపిస్తుంది. ఆ లారీతనమే నాకు నచ్చింది. లాంచర్ ముందు వైపున్న గూళ్లు అంత చిన్న బొమ్మలో కూడా విడివిడిగా కనబడతాయి. స్టేషనరీ కొట్లో దొరికే యాక్రిలిక్ రంగుతో ఆలివ్ పచ్చ వేసి, పల్చటి నల్లరంగు ఆ గూళ్లలోకి దించి పైన తుడిచేస్తే చాలు, ముఖం వచ్చేస్తుంది. కళ్లద్దాలు మాత్రం దగ్గర చూపువి పెట్టుకోండి.

ఇక అది మోసేది. అసలు రకం సీపీఎల్‌టీ-సీ1. ఆట కథ ప్రకారం హోలిస్ అనే కంపెనీ 2563లో తయారు చేసింది. ఒక్కో భుజాన 15 క్షిపణుల లాంచర్ ఒకటి, శరీరంలో నాలుగు మధ్యరకం లేజర్లు, పది టన్నుల కవచం, ఎగరడానికి నాలుగు జెట్లు. పరుగెడితే గంటకు 65 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఒక టన్ను మందుగుండులో 120 క్షిపణులు వస్తాయని నిబంధన. భాగించి చూశాను, ఒక్కోటి ఎనిమిది కిలోలు దాటి కొంచెం. మన 155 ఎం.ఎం. గుండు ఒక్కటే 43 కిలోలకు అటూఇటూ ఉంటుంది. గ్రాడ్ రాకెట్ 66 కిలోలు. అంత చిన్న క్షిపణి 630 మీటర్లకే పరిమితమవడంలో వింతేమీ లేదని నేను అనుకుంటే, సుబేదారు గారు ఒప్పుకోలేదు. ‘అందులో సగం బరువున్న గుండునే మా కుర్రాళ్లు మోర్టారుతో అంతకన్నా దూరం పంపేవాళ్లు’ అన్నారు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆట కనిపెట్టినవాళ్ల దగ్గరా ఉండి ఉండదు. గట్టిగా ఆలోచిస్తే, బల్ల మీద పట్టేంత పటంలో యుద్ధం సరిపోవాలి కాబట్టే ఈ దూరం. గడి ఒక్కటి 30 మీటర్లు, క్షిపణి చేరేది 21 గడులు. ఇంతకు రెట్టింపైనా ఇస్తే బల్ల చాలదు, వరండా కావాలి.

దూరం సంగతి పక్కనబెట్టండి. ఈ ఆట తోపుఖానా మనసును పట్టుకున్న చోటు వేరే ఉంది.

గన్ను దగ్గర నిలబడ్డవాడికి శత్రువు కనబడడు. కనబడితే ఏదో తేడా వచ్చిందన్నమాట. గుట్టకు ఇవతల గన్ను, అవతల లక్ష్యం, రెండూ కనబడే చోట ఓపీ, అంటే పరిశీలకుడు. 1904, 1905ల్లో రష్యా, జపాన్ కొట్టుకున్న తర్వాత ప్రపంచంలోని తోపుఖానాలన్నీ నెమ్మదిగా ఈ దారికే వచ్చాయి. ఓపీ లేని బ్యాటరీ, అంటే గన్నుల జట్టు, గుడ్డిది. మామూలు వీడియో ఆటల్లో ఇది ఉండదు. తెర మీద పైనుంచి అంతా కనబడుతుంది, వేలితో నొక్కితే గుండు పడుతుంది. బ్యాటిల్‌టెక్‌లో అలా కుదరదు. దూరపు క్షిపణులను గుట్ట వెనక నుంచి వేయవచ్చు, కానీ మన యంత్రం ఇంకొకటి ఆ లక్ష్యాన్ని చూస్తూ ఉండాలి. అదీ ఉచితంగా కాదు. ఈ నియమం కోసం మేము విడిగా అమ్మే పూర్తి నిబంధనల పుస్తకాన్ని చూస్తాం, మీరూ అదే చూడండి.

ఒక్క వాయి, అంటే ఒకేసారి వేసే క్షిపణుల విడత, ఎలా నడుస్తుందో చెబుతాను, ఆట రుచి అందులోనే ఉంది. సుబేదారు గారి వుల్వరిన్ ఐదు గడులు నడిచి గుట్ట అవతల ఆగింది. నా కాటపల్ట్ ఇవతల కదలకుండా ఉంది. మధ్య దూరం 12 గడులు. నా లోకస్ట్, అంటే 20 టన్నుల బుల్లి యంత్రం, పక్కన చెట్ల అంచున నిలబడి వుల్వరిన్‌ను చూస్తోంది. ఇప్పుడు లెక్క. పైలట్ నైపుణ్యం 4. మధ్యస్థ దూరానికి 2. లక్ష్యం కదిలినందుకు 2. చూడకుండా వేస్తున్నందుకు 1. మొత్తం 9. రెండు పాచికలు వేస్తే 9 గాని, అంతకన్నా ఎక్కువ గాని పడాలి. 36కు పది అవకాశాలు. లోకస్ట్ నిలబడకుండా నడిచి ఉంటే దాని కుదుపు కూడా నా ఖాతాలోనే పడి 10 కావాల్సి వచ్చేది, అంటే 36కు ఆరే. అదే గుట్ట అడ్డు లేకుండా ఎదురుగా నిలబడి వేస్తే 8 చాలు, 36కు పదిహేను. ఈ మూడు అంకెల మధ్యే యుద్ధమంతా ఉంది. ఓపీ నిలబడితే నా గురి బాగుంటుంది, కానీ నిలబడ్డ ఓపీని ఎవడైనా కొట్టేస్తాడు. పరుగెడితే వాడు బతుకుతాడు, నా గుండు వృథా. పోనీ వాడూ తుపాకీ పేలుద్దామని చూస్తే వాడి గురీ చెడుతుంది, నా గురీ చెడుతుంది. ఓపీలో ఉన్నవాడు దుర్భిణి వదిలి తుపాకీ పట్టకూడదని మాకు ఉస్తాద్‌లు అరిచి చెప్పిన పాఠం ఒక చిన్న నియమంగా ఇక్కడ కూర్చుని ఉంది. అది చదివినప్పుడు ఈ పుస్తకం రాసినవాళ్లలో ఎవరో ఒకరికి మా వాళ్లతో పరిచయం ఉండి ఉంటుందనిపించింది.

పాచికలు కలిసొచ్చి లాంచర్ గురి తగిలిందనుకోండి, పదిహేనూ తగలవు. మళ్లీ పాచికలు వేసి ఒక పట్టిక చూడాలి. అయిదు తగలవచ్చు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను తగలవచ్చు. సగటు కట్టాను, తొమ్మిదిన్నర. తగిలినవాటిని అయిదేసి గుంపులు చేసి, ఒక్కో గుంపు శత్రువు ఒంటి మీద ఎక్కడ పడిందో మళ్లీ పాచికలతో తేల్చాలి. తొమ్మిది తగిలితే అయిదు ఎడమ కాలికి, నాలుగు ఛాతీకి, అలా. కాగితం మీద యంత్రం బొమ్మ, దాని నిండా చిన్న చిన్న సున్నాలు. తగిలినన్ని సున్నాలు పెన్సిలుతో కొట్టేయాలి. విసుగు పుట్టేవాళ్లకు ఇక్కడే పుడుతుంది. పట్టికలు చూస్తూ ఉద్యోగం చేసినవాడికి మాత్రం ఇది పండగ. రాకెట్ల పద్ధతి కూడా ఇంతే కదా. ఒకే బిందువు మీద పడవు, ఒక చదరం మీద చల్లుకుపోతాయి. ఒక్క దెబ్బకు తల ఎగరగొట్టడం కాటపల్ట్ పని కాదు. అందరి ఒంటి మీదా అక్కడక్కడా కవచం పల్చన చేసి పెడుతుంది, ఆ తర్వాత ముందు వరసలో ఉన్నవాళ్లు ఆ చిరుగుల్లోంచి పని పూర్తి చేస్తారు. పేరు వాళ్లకొస్తుంది. ఇది కూడా మా వాళ్లకు తెలిసిన కథే.

తప్పు పట్టాల్సింది ఒకటుంది, అది చిన్నది కాదు. ఈ ఆటలో దిద్దుబాటు లేదు. అసలు తోపుఖానాలో మొదటి గుండు అడగడానికి వేసే ప్రశ్న. అది లక్ష్యానికి ఎడమగా పడితే ఓపీ కుడికి ఇంత అంటాడు, దాటి పడితే ఇంత తగ్గించమంటాడు. రెండో గుండు ఇంకో వైపు పడుతుంది, లక్ష్యం మధ్యలో చిక్కుతుంది, సగం చేస్తూ దగ్గరికి తెస్తారు, అప్పుడు బ్యాటరీ మొత్తం ఒక్కసారి దించుతుంది. గురి నిమిషం నిమిషానికీ మెరుగవుతుంది. శత్రువు భయపడేది దానికే, మొదటి గుండుకు కాదు. కాటపల్ట్‌కు ఆ జ్ఞాపకం లేదు. ఒకే చోట రాయిలా నిలబడ్డ లక్ష్యం మీద వరసగా నాలుగు సార్లు వేసినా, నాలుగోసారి కూడా మొదటిసారి కావాల్సిన అంకే కావాలి. ఇదే ఆటలో లాంగ్ టామ్ లాంటి పెద్ద తోపులకు వేరే నిబంధనలున్నాయి. ఆ పుస్తకం జోలికి నేనింకా పోలేదు. కాటపల్ట్‌ను దూరపు కాల్పుల యంత్రమని చెప్పుకున్నాక, ఈ ఒక్క ముక్క దీనికి కూడా ఇచ్చి ఉండాల్సింది.

దగ్గర పోరులో దీని అవస్థ మాత్రం చక్కగా కుదిరింది. క్షిపణులకు కనీస దూరం ఆరు గడులు. శత్రువు ఆరో గడిలోకి వస్తే ఒక పాయింటు కష్టం పెరుగుతుంది, అయిదో గడికి రెండు, ఆనుకుని నిలబడితే ఆరు. రాకెట్ దళాలకు బాగా తెలిసిన బాధ ఇది. దూరాన ఉన్నవాణ్ని వణికించే ఆయుధం కాళ్ల దగ్గరికొచ్చినవాణ్ని ఏమీ చేయలేదు. సుబేదారు గారు ఈ నియమం చదివిన సాయంత్రమే ఆయనకు ఆట మీద ప్రేమ పుట్టింది. ఆయన దగ్గర కమాండో అని 25 టన్నుల పిల్ల యంత్రం ఉంటుంది, దగ్గర దూరపు క్షిపణులు దాని బలం. దాన్ని చెట్ల వెంట, నేల మడత వెంట, నా లోకస్ట్‌కు కనబడకుండా తిప్పి తిప్పి సరిగ్గా నా కాటపల్ట్ వీపు వెనకకు తెచ్చారు. వెనక కవచం పల్చన. ఆయన క్షిపణులు పగిలిన కవచంలోంచి లోపలికి పోయి మందుగుండు అరకు తగిలాయి. అప్పటికి ఆ అరలో అయిదు వాయిల క్షిపణులు మిగిలున్నాయి. అయిదు పదిహేనుల డెబ్బై అయిదు పాయింట్లు లోపలే పేలాయి. ఆ పక్క ఎముకల గూడు తట్టుకోగలిగేది పదిహేను, మధ్య గూడు ఇరవై ఒకటి. ఇక చెప్పేదేముంది, యంత్రం లేదు. ‘మందుగుండును కడుపులో పెట్టుకుని యుద్ధానికి ఎవడొస్తాడయ్యా, మీ గన్నర్లు తప్ప’ అన్నారాయన, పెన్సిలు కింద పెట్టి చాయ్ అందుకుంటూ.

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. ఏ బ్యాటరీలోనైనా గుండ్లు గన్నుకు ఎడంగా, గుంతల్లో, విడివిడిగా పెడతారు. కాటపల్ట్ రెండు టన్నుల క్షిపణులనూ కుడి ఎడమ డొక్కల్లోనే మోస్తుంది, పేలుడును బయటికి మళ్లించే ఏర్పాటు సీ1 రకంలో లేదు. కనుక ఒక సలహా: ఆట మొదట్లో దొరికిన ప్రతి వాయినీ వాడేయండి. దాచుకున్న మందుగుండు మీ శత్రువు ఆయుధం. అలా అని తొందరపడి పేలిస్తే ఇంకో చిక్కు. లాంచర్‌కు ఎనిమిది వాయిలే. ఆటలో ఒక వంతు అంటే పది సెకన్లు, అంటే 80 సెకన్ల కాల్పులు. మన పినాక 12 రాకెట్లను 44 సెకన్లలో పంపేసి స్థలం మారుస్తుంది, మళ్లీ నింపడానికి వెనక లారీ ఉంటుంది. కాటపల్ట్ వెనక ఏ లారీ లేదు. ఎనిమిది వాయిలు అయ్యాక నాలుగు లేజర్లు పట్టుకుని, కావాలంటే కాలితో తన్నడానికి, మామూలు యంత్రంగా ముందుకు పోవాల్సిందే. తన్ను మాత్రం గట్టిది, 13 పాయింట్లు. సుబేదారు గారి కమాండోకు ఒకసారి ఆ రుచి చూపించాను.

కాళ్ల గురించి. తోపుకు కాళ్లెందుకని అందరూ అడుగుతారు. అమెరికా సైన్యం కోసం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1960లలో నాలుగు కాళ్ల నడిచే బండి ఒకటి నిజంగానే చేసింది. ఇంజనీరు పేరు రాల్ఫ్ మోషర్. లోపల కూర్చున్నవాడు తన చేతులు, కాళ్లు కదిలిస్తే అది నడిచేది, కాసేపటికే మనిషి డీలా పడిపోయేవాడు. అక్కడితో ఆగింది. అందులోనూ రెండు కాళ్ల మీద 65 టన్నులంటే, తొలి రకం అర్జున్ ట్యాంకు కన్నా బరువైనదాన్ని రెండు పాదాల మీద నిలపడం. రాజస్థాన్‌లో మేము కాల్పుల సాధన చేసే మహాజన్ ఇసుకలో అడుగు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. కానీ కొండల్లో పనిచేసినవాణ్ని కాబట్టి నాకు ఆశ చావదు. మన కొండ బ్యాటరీలు 75 ఎం.ఎం. హొవిట్జర్లను ముక్కలు విప్పి కంచరగాడిదల మీద వేసుకుపోయేవి. ఇప్పుడు ఎం777 హొవిట్జరును హెలికాప్టర్‌కు వేలాడదీసి తీసుకుపోతారు. తనంతట తానే గుట్టకెగిరి కూర్చునే గన్ను దొరికితే ఏ బ్యాటరీ కమాండర్ వద్దంటాడు? కాటపల్ట్ జెట్లతో నాలుగు అంతస్తుల ఎత్తు, ఆట కొలతలో 24 మీటర్లు, ఒక్క ఊపున దాటుతుంది. వేసిన చోట ఉండకుండా మరో మడత వెనకకు ఎగిరి మళ్లీ వేయవచ్చు. వేడి లెక్క కూడా సరిపోతుంది. రెండు లాంచర్లకు 10, ఎగిరినందుకు 4, మొత్తం 14, వేడి తీసే గొట్టాలు 15. ఎవరో కూర్చుని కొలిచి కుట్టారు. కాకపోతే ఎగిరిన వంతులో గురికి 3 పాయింట్ల కష్టం. గుట్ట వెనక నుంచి చూడకుండా వేస్తూ, అదే వంతులో ఎగిరితే 12 పడాల్సి వస్తుంది. 36కు ఒకటి. అది కాల్పులు కాదు, లాటరీ.

ఇంకొకటి కూడా వాళ్లు బాగా ఆలోచించారు. క్షిపణికి వెనక తన్ను ఉండదు. బోఫోర్స్ వెనక కాళ్లను నేలలో దించి నిలపకపోతే పేల్చినప్పుడల్లా బండి కదిలిపోతుంది. రెండు కాళ్ల మీద నిలబడ్డదానికి అలాంటి గన్ను కడితే తొలి గుండుకే వెల్లకిలా పడేది. లాంచర్ పెట్టెలు కట్టడం ఒక్కటే దారి.

మిగతా రకాలు గురించి రెండు ముక్కలు. సీ4లో 20 క్షిపణుల లాంచర్లు రెండు ఉంటాయి, లేజర్లు చిన్నవైపోతాయి, కనుక దగ్గరికొచ్చినవాడు ఇక దయతలచాల్సిందే. ఏ1 లేజర్లే వదిలేసుకుని క్షిపణులను నమ్ముకుంది. కురితా వంశం వాళ్ల కే2 అయితే లాంచర్లు పీకేసి కణ ఫిరంగులు రెండు పెట్టుకుంది. దానికి 540 మీటర్ల దాకా సూటిగా వేయాలి, గుట్ట వెనక నుంచి వేయడం లేదు. మంచి యంత్రమే కావచ్చు. నా దృష్టిలో అది కులం మార్చుకుంది.

పెట్టె సంగతికొస్తే, పటాలు మడతపెట్టిన కాగితాలు. మడత దగ్గర బొమ్మలు ఒరుగుతాయి. మేము డైనింగ్ టేబులు అద్దం కింద పెట్టి ఆడతాం, ఇంట్లో భోజనాల వేళకు తీసేయనవసరం లేదన్నది అదనపు లాభం. లెక్కల కాగితాలు ముందే జిరాక్స్ తీయించి పెట్టుకోండి, అసలువాటి మీద పెన్సిలు పెట్టకండి. ఎనిమిది బొమ్మలూ ఒకేసారి దించితే రాత్రి పదకొండైనా తేలదు. ఇద్దరికీ చెరి రెండు, మహా అయితే మూడు చాలు. లెక్కలంటే చిరాకు పడే పిల్లలకు ఇది ఇవ్వకండి. కూడికలు ఇష్టమున్న పన్నెండేళ్ల పిల్లకు ఇస్తే మీకన్నా ముందే పట్టికలు కంఠతా పడుతుంది. మా మనవరాలు పట్టేసింది.

క్షిపణుల యంత్రం ఒక్కటే కావాలనుకునేవాళ్లు ఆర్చర్‌ను కూడా చూడాలి, ఈ పెట్టెలో రాదు, వేరే కట్టలో కొనాలి. 70 టన్నులు, 20 క్షిపణుల లాంచర్లు రెండు, పన్నెండు వాయిల మందుగుండు, మూడు టన్నులు ఎక్కువ కవచం. లెక్క ప్రకారం అదే మేలు. కానీ ఎగరలేదు, పైగా మనిషి ఆకారం. గుట్టలు లేని చదును పటంలో ఆడేవాళ్లకు ఆర్చర్, గుట్టలున్నవాళ్లకు కాటపల్ట్. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది తీసుకున్నా, దాని పక్కన ఒక లోకస్ట్‌ను మాత్రం తప్పనిసరిగా దించండి. ఒంటరి కాటపల్ట్ డబ్బు దండగ.

దిద్దుబాటు లోటును మేము ఇంట్లోనే సరిచేసుకుంటున్నాం. కదలని లక్ష్యం మీద అదే ఓపీ చూస్తుండగా రెండో వాయి వేస్తే ఒక పాయింటు తగ్గించాలని నా ప్రతిపాదన. సుబేదారు గారు వెంటనే ఒప్పుకున్నారు, అదే నాకు అనుమానం తెప్పించింది. బదులుగా ఆయన అడిగింది, ఓపీ చేస్తున్న లోకస్ట్‌ను చంపితే ఆ వంతులో కాటపల్ట్ అసలు పేల్చకూడదని. వాకీటాకీ పోతే కమాండ్ పోస్టులో ఇంకో దారి ఉంటుందని నేను, ఉండదని ఆయన. ప్రస్తుతానికి పాయింటు నాకు రాలేదు, నిషేధం ఆయనకు దక్కలేదు, పాత నిబంధనలతోనే ఆడుతున్నాం.